ఇంటిలో బొమ్మలాట

బొమ్మలు రెండు తెఱగులు. చూచుటకు ఉంచుకొను బొమ్మ యొకటి, ఆడించుటకు చేసికొను బొమ్మ మఱియొకటి. సంక్రాంతి కొలువులో మెట్లమీద నిలుచు కొండపల్లి దశావతారములు, అంబారీ మోయు ఏనుగు మొదటి తెగలోనివి. వానిని ఎవరును ముట్టకున్నను వాని అందమునకు కొఱత లేదు. ముట్టకుండుటయే మేలని అవ్వలు చెప్పుదురు. రెండవ తెగ బొమ్మల సంగతి వేరు. నేలపై పడియున్నప్పుడు అవి గుడ్డపేలికలు, కాగితపు ముక్కలు. చేయి తగిలినంతనే అవి తల యెత్తును, పలుకును, అలుగును, నాట్యమాడును.

నాలుగేండ్ల పిల్లవాని యెదుట కూర్చుండి, చేతికి ఒక మేజోడు తొడిగికొని, “నీ పేరేమి?” అని దానిచేత అడిగించి చూడుడు. మాటలాడునది మీరేయని వానికి తెలియును. మీ పెదవులు కదలుట వానికి కనబడుచునే యుండును. అయినను వాడు మీ ముఖము చూడడు. మేజోటి ముఖమును చూచి బదులు చెప్పును. కొందఱు మొదట నవ్వి, పిదప బదులు చెప్పుదురు. బొమ్మలాట యంతయు ఈ చిన్న వింతపై నిలిచియున్నది.

ఈ వింతను ఇంటిలో కలిగించుటకు ధనము అక్కఱలేదు. అంగడిలో కొన్న నున్నని బొమ్మకంటె, పిల్లవాడు తన చేతులతో చేసిన వంకరబొమ్మయే ఈ పనికి ఎక్కువ తగియుండును. మీలో పెక్కుమందికి ఇంటిలో నాలుగైదేండ్ల తమ్ముడో, చెల్లెలో, పిన్నిగారి బిడ్డయో ఉండవచ్చును. లేకున్న ప్రక్కయింటనైనను ఉందురు. వేసవి మధ్యాహ్నములందు వారిని ఆడించు భారము తఱచుగా మీ పైననే పడును. వారితో కూర్చుండి బొమ్మలు చేయు విధమును, వానిని ఆడించు విధమును ఇప్పుడు తెలిసికొందము.

అన్నిటికంటె సులభమైన బొమ్మ వంటయింటిలోనే దొరకును. ముచ్చికతో కూడిన వంకాయ నొకదానిని తీసికొని, క్రిందినుండి ఒక పుల్ల గ్రుచ్చుడు. ముచ్చిక టోపీ యగును. తడిపిన బియ్యపుపిండితో రెండు కన్నులు పెట్టినచో దొరగారు సిద్ధము. ఈ దొరగారికి ఆయుస్సు ఒక్కపూటయే. ఆట ముగిసిన పిదప పుల్ల తీసి, కడిగి, అమ్మకు ఇచ్చివేయవచ్చును. చేతిరుమాలు నడుమ ముడివేసి చూపుడువ్రేలికి తొడిగినచో ముసుగు వేసికొన్న ముసలమ్మ తయారగును. పూర్వము మన పల్లెలలో ఆడపిల్లలు బొమ్మల పెండ్లికి తాటాకుతో వధూవరులను చేసెడివారు. అట్టి తాటాకు బొమ్మకు వెనుక ఒక యీనె కట్టినచో అదియు చక్కగా ఆడును.

వీనికంటె ఎక్కువ కాలము మన్నునది మేజోటి బొమ్మ. జత పోయిన మేజోడు ప్రతి యింటిలోను ఒకటి యుండును. మడమ పైకి వచ్చునట్లు దానిని చేతికి తొడిగి, నాలుగు వ్రేళ్ళు పైదవడగాను, బొటనవ్రేలు క్రింది దవడగాను చేసి, నడుమనున్న గుడ్డను లోనికి నొక్కినచో నోరు ఏర్పడును. నోటిలో ఎఱ్ఱగుడ్డ ముక్కను నాలుకగా కుట్టవచ్చును. కన్నులకు గుండీలు కుట్టుట కలదు గాని, ఇంటిలో మూడేండ్లలోపు పసివారున్నచో ఆ పని చేయరాదు. ఊడిన గుండీని వారు నోట పెట్టుకొందురు. అది గొంతుకు అడ్డుపడిన ప్రాణాపాయము. దారముతో కుట్టిన కన్నులు గాని, సిరాతో వ్రాసిన కన్నులు గాని మేలు.

బొమ్మ చేయుట అరగంట పని; దానిచేత మాటలాడించుట నేర్చుటకు కొంతకాలము పట్టును. మొదట ఆడించువారందఱును ఒకటే పొరపాటు చేయుదురు. మాట పలుకునప్పుడు బొమ్మ నోరు మూయుదురు. అప్పుడు బొమ్మ మాటలను కొఱుకుచున్నట్లు కనబడును. మన నోరు పలుకునప్పుడు తెఱచుకొనును గదా! బొమ్మ నోరును అట్లే తెఱచుకొనవలెను. “అమ్మా” అనుటకు రెండు మాఱులు, “తాతయ్యా” అనుటకు మూడు మాఱులు తెఱవవలెను. ఇంకొక విషయము. బొమ్మ చూపు ఎవరితో మాటలాడుచున్నదో వారిమీదనే యుండవలెను. మణికట్టు కొంచెము వంచిననే ఇది సాధ్యము; లేనిచో బొమ్మ ఇంటికప్పును చూచుచు మాటలాడును. నిలువుటద్దము ముందు నిలిచి పది నిమిషములు అభ్యసించినచో రెండును పట్టుబడును.

ఇక పెద్దవారు ఎంత చేయవలెను, చిన్నవారు ఎంత చేయవలెను అను ప్రశ్న వచ్చును. సూదిపని, కత్తిపని, నిప్పుపని పెద్దవారివి. తక్కినవన్నియు చిన్నవారివి. నాలుగేండ్లు నిండిన బిడ్డ మొనలేని చిన్న కత్తెరతో కాగితము కత్తిరింపగలడు, అన్నపు మెతుకులతోనో, గంజితోనో అతికింపగలడు, రంగు పూయగలడు. ఆ కత్తిరింపు వంకరగా నుండును. దానిని సరిదిద్దవలెనను కోరిక మీకు బలముగా కలుగును. చేతులు కట్టుకొని కూర్చుండుడు. వాడు ఆవునకు ఆఱు కాళ్ళు గీసినచో ఆఱు కాళ్ళ ఆవునే కత్తిరింపుడు. “ఆ రెండు కాళ్ళు దేనికి?” అని అడిగినచో, అది ఏల అంత వేగముగా పరుగెత్తునో వాడే చెప్పును, కథ అక్కడనే మొదలగును. నేను చూచిన ఒక పాఠశాలలో ఉపాధ్యాయులు ఎంతో శ్రమపడి, జరీపంచెలతో, కిరీటములతో అందమైన బొమ్మలు చేసి, పిల్లలు పాడుచేయుదురని బీరువాలో పెట్టి తాళము వేసిరి. తనిఖీ అధికారి వచ్చిన నాడు మాత్రము అవి వెలుపలికి వచ్చెడివి. అవి మొదటి తెగ బొమ్మలలో చేరిపోయినవని వేరుగా చెప్ప నక్కఱలేదు.

నేను పనిచేసిన ఒక పల్లెలో ఒకటవ తరగతిలో ఒక బాలుడుండెను. చేరి మూడు నెలలు గడచినను వాని గొంతు ఎట్టిదో పంతులమ్మకు తెలియదు. హాజరు పిలిచినప్పుడు చేయి మాత్రము ఎత్తెడివాడు. ఇంటియొద్ద బాగుగనే మాటలాడునని తల్లి చెప్పెను. ఒకనాడు పంతులమ్మ పిల్లలందఱకు కిరాణా కొట్టు కాగితపు సంచులు తలకొకటి యిచ్చి, వానిపై ముఖములు గీయుడనెను. ఈ బాలుడు కుక్కను గీసెను. సంచి చేతికి తొడిగికొని కూర్చుండెను. మఱునాడు హాజరులో వాని పేరు రాగానే, బల్లచాటునుండి కుక్క తల యెత్తి “భౌ” అనెను. తరగతి ఘొల్లుమనెను గాని పంతులమ్మ నవ్వలేదు. కుక్కవంక చూచి తల యూపి, హాజరు వేసికొని, తరువాతి పేరు పిలిచెను. నాలుగు దినములు కుక్కయే హాజరు పలికెను. అయిదవనాడు అది “వచ్చితినండీ” అనెను. సంచి చినిగిపోవునప్పటికి వానికి దాని అవసరము తీఱిపోయెను.

ఆమె నవ్వియున్నచో ఏమయ్యెడిదో! బిడియపడు బిడ్డకు బొమ్మ ఒక చాటు. తప్పు పలికినచో ఆ తప్పు కుక్కది, తనది కాదు. అయితే పలుకని ప్రతి బిడ్డకును ఇదియే మందని తలపరాదు. చెవి సరిగా వినబడకయు కొందఱు పలుకకుందురు; వారిని వైద్యునికి చూపవలెను. బొమ్మలాటవలన చదువునకు కలుగు మేలును గుర్తించియే, 1979లో నెలకొన్న సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రము ఉపాధ్యాయులకు ఈ విద్యలో శిక్షణ నిచ్చుచున్నది.

ఇంతవఱకు చెప్పినవి చేతికి తొడుగు బొమ్మలు. మన తెలుగునాటికి పేరు తెచ్చినవి మాత్రము నీడబొమ్మలు. వీనినే తోలుబొమ్మలందురు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటలను పేర్కొన్నాడు. కనుక ఆ కవి కాలమునాటికే ఈ వినోదము మనకు పరిచితము. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము మండలములోని నిమ్మలకుంట ఈ కళకు ఇప్పటికిని నెలవు. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నొసగినది. అచ్చటి కళాకారులు మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు తీసి, గీకి, ఆరబెట్టుదురు. అప్పుడది వెలుతురును కొంత లోనికి పోనిచ్చు పలుచని పొరయగును. దానిపై రాముని, సీతను, రావణుని గీసి, కత్తిరించి, నగలున్నచోట ఉలితో సన్నని రంధ్రములు పొడిచి, రంగులు వేయుదురు. వెనుక దీపము పెట్టినప్పుడు ఆ రంధ్రములే ముత్యములవలె మెఱయును. మనిషియెత్తు బొమ్మలు కూడ వీనిలో కలవు. రాత్రి తెల్లవార్లు సాగిన ఈ ఆటకు నేడు పిలుపులు తగ్గినవి. అందుచేత పెక్కు కుటుంబములు అదే తోలుతో, అదే ఉలితో, దీపములకు గొడుగులు, గోడకు తగిలించు పటములు చేసి బ్రదుకుచున్నవి. అవియు అందమైనవే, కాని వానికి కదలిక లేదు. ఆటకు పిలుచువారు లేనిచో బొమ్మను ఆడించు నేర్పు తరువాతి తరమునకు అందుట కష్టము. తోలుబొమ్మల గొప్పతనము పుస్తకమున చదివినవానికంటె, ఒక్కమాఱు కాగితపు బొమ్మను తెరవెనుక ఆడించి చేయి నొప్పించుకొన్నవానికే బాగుగా తెలియును. కావున మనము కాగితముతో ప్రారంభింతము.

పాత పెండ్లిపత్రిక గాని, క్యాలెండరు అట్ట గాని తీసికొనుడు. బిడ్డచేత బొమ్మ గీయింపుడు. మొదటిమాఱు చేప మేలు; దానికి కీళ్ళు లేవు. రెండవమాఱు ఱెక్క యాడించు కాకి. మూడవమాఱు మనిషి. మనిషికి తల మొండెము ఒక ముక్కగాను, చేతులు రెండు వేర్వేరు ముక్కలుగాను కత్తిరింపవలెను. భుజముకడ ఒక ముక్కపై మఱియొక ముక్క వ్రేలి వెడల్పున ఎక్కియుండవలెను. లేనిచో కాగితము చినిగిపోవును. ఆ చోట సూదితో రంధ్రము చేసి, దారము దూర్చి, ఇరువైపుల ముడివేయుడు. ముడి బిగువుగా ఉండరాదు. మొండెము పట్టుకొని ఊదినప్పుడు చేయి ఊగినచో కీలు సరిగా కుదిరినట్లు. పిమ్మట సన్నని వెదురుబద్దను తలనుండి కాళ్ళవఱకు వెనుక అంటించి, పట్టుకొనుటకు కొంత క్రిందికి విడువవలెను. అరచేతికి దారముతో ఒక చీపురుపుల్ల కట్టవలెను. వెదురుబద్ద ఒక చేత, చీపురుపుల్ల మఱియొక చేత పట్టి ఆడింపవలెను. రెండవ చేతికి కూడ పుల్ల కట్టవలెనని మీకు తోచును. దానిని పట్టుటకు మూడవ చేయి లేదు గదా! ఒక చేయి ఊరక ఊగనిండు. చూచువారికి అదియు ఆడుచున్నట్లే తోచును.

తెరకు ఉతికిన తెల్లపంచె చాలును. రెండు గదుల నడుమ గుమ్మమునకు దానిని ముడుతలు లేకుండ బిగించినచో ఈవలి గది ప్రేక్షకులది, ఆవలి గది ఆటవారిది. దీపము ఆటవారి గదిలో ఉండవలెను. ప్రేక్షకుల గది చీకటిగా ఉండవలెను. పూర్వము ఆముదపు దీపములు వాడిరి. ఇంటిలో బట్ట దగ్గఱ, కాగితముల నడుమ, చిన్నపిల్లల యెదుట నిప్పుదీపము వలదు. చిన్న విద్యుద్దీపము గాని, చేతిఫోనులోని దీపము గాని వాడుడు. పొడవైన గొట్టపుదీపము పనికిరాదు. దాని వెలుతురు పొడవునా అనేక స్థానములనుండి వచ్చుటచే నీడ అంచులు చెదరిపోవును. వెలుతురు ఒక చుక్కనుండి వచ్చిన కొలది నీడ చుఱుకుగా నుండును.

ఇక్కడ మీరు విజ్ఞానశాస్త్రమున చదివినది కంటికి కనబడును. దీపము తెరకు 120 సెంటీమీటర్ల దూరమున ఉన్నదనుకొనుడు. 30 సెంటీమీటర్ల బొమ్మను తెరకు ఆనించినచో నీడ దాదాపు 30 సెంటీమీటర్లే యుండును. బొమ్మను దీపమునకు 60 సెంటీమీటర్ల చేరువకు తెచ్చినచో నీడ 60 సెంటీమీటర్లగును. 40 సెంటీమీటర్ల చేరువకు తెచ్చినచో 90 అగును. అరచేతి కోతి ఆకాశమంత హనుమంతుడగుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము లేదు. అయితే పెరిగిన కొలది అంచులు మసకబాఱును. అందుచేతనే తోలుబొమ్మలవారు బొమ్మను తెరకు ఆనించి ఆడింతురు. దయ్యమో, కలయో రావలసినప్పుడు మీరు బొమ్మను వెనుకకు లాగి ఆ మసకనే వాడుకొనవచ్చును. ఈ లెక్క మీ తమ్మునికి చెప్పకుడు. బొమ్మను ముందుకు వెనుకకు జరుపనిండు, వాడే కనుగొనును.

కాగితపు బొమ్మ నీడ నల్లగా నుండును. తోలుబొమ్మది రంగులతో నుండును. తోలు వెలుతురును కొంత పోనిచ్చుటయే ఇందుకు కారణము. కాగితమునకును ఈ గుణము కొంత తేవచ్చును. పలుచని తెల్లకాగితముపై రంగు పెన్సిళ్ళతో ఒత్తుగా రంగువేసి, వెనుక దూదితో కొబ్బరినూనె రుద్ది, అధికమైన నూనెను గుడ్డతో అద్దితీయుడు. పకోడీలు కట్టిన కాగితమునందు నూనెమరక గుండ వెలుతురు వచ్చుట మీరు చూచియే యుందురు, ఇదియు అదియే. కాగితపు నారల నడుమనున్న సందులను నూనె నింపుటచే వెలుతురు చెదరక లోనికి సాగును. ఇట్టి కాగితము మెత్తబడును గనుక, అట్టతో చేసిన బొమ్మ నడుమ కిటికీవలె కత్తిరించి అక్కడ అతికింపవలెను. అతికింపవలసిన అంచులకు నూనె తగులనీయరాదు. తగిలినచో జిగురు పట్టదు.

బొమ్మలు, తెర సిద్ధమైన తరువాత కథ. అయిదేండ్లవానికి పెద్దకథ కుదరదు. మూడు బొమ్మలు, ఒక చిక్కు చాలును. కాకి వడను ఎత్తుకొనిపోయినది. ఎవరు తెచ్చి యిత్తురు? అంతే. తోలుబొమ్మలాటలో మనకు ఉపయోగపడు కిటుకు ఒకటి కలదు. రామాయణ కథ గంభీరముగా నడచుచుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అను హాస్యపాత్రలు ఉన్నట్లుండి తెరపైకి దూరుదురు. వారికి కథతో పనిలేదు. తగవులాడుకొందురు, ఊరి సంగతులు మాటలాడుదురు, కునుకుపాట్లు పడు జనమును నవ్వించి లేపుదురు. చిన్నపిల్లవాడు మీ ఆటలో కుదురుగా నిలువడు. నడుమ నడుమ తన బొమ్మను తెచ్చి తెరపై గుద్దును. సంబంధము లేని మాట ఏదియో అనును. వానిని గద్దింపక, కేతిగాని వేషము వానికే ఇండు. ఎప్పుడు రావలెనని తోచిన అప్పుడే వచ్చుట ఆ వేషమునకు గల హక్కు! రాజుగారు యుద్ధమునకు బయలుదేఱునప్పుడు కేతిగాడు వచ్చి “నాకు ఆకలి” అనినచో, రాజుగారు యుద్ధమాపి వానికి ఏమి పెట్టవలెనో ఆలోచింపక తప్పదు. ఇట్లు వచ్చిన కథ మీరు వ్రాసికొన్న కథకంటె బాగుండుట నేను చాలమాఱులు చూచితిని.

ఆట పది నిమిషములకు మించరాదు. చూచుటకు అమ్మ, నాన్న, తాతయ్య వచ్చిన చాలును. వారు చప్పట్లు కొట్టినచో చిన్నవాడు తెరవెనుకనుండి పరుగెత్తివచ్చి తానే ఆడించితినని చెప్పును. చెప్పనిండు. ఆట ముగిసినంతనే బొమ్మలను పాత పుస్తకము నడుమ అడ్డముగా పెట్టి, బద్దలు మాత్రము వెలుపలికి ఉండునట్లు దాచుడు, వంగిపోవు. చినిగిన కీలును అప్పుడే కుట్టవలెను. రేపు చూతమన్నచో రేపటికి చేయి ఎక్కడనో పడిపోవును.

మఱునాడు మధ్యాహ్నము మీరు పాఠము చదువుకొనుచుండగా గుమ్మముకడ ఏవో మాటలు వినబడవచ్చును. చూచినచో మీ తమ్ముడు ఒక్కడే తెరవెనుక కూర్చుండి కాకిని ఆడించుచుండును. పట్టపగలు, దీపము లేదు, ఈవల ప్రేక్షకులు లేరు, తెరపై నీడయు లేదు. ఆ సంగతి వానికి చెప్పకుడు. చప్పుడు కాకుండ వచ్చి తెర కీవల కూర్చుండుడు.